పాత 207 డిఐకి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్: 407ది ఎక్కుతుందా, సుమోది ఎక్కుతుందా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగారు. 2005 మోడల్ టాటా 207 డిఐ, రొయ్యల చెరువులకు మేత తోలే బండి. పొద్దున స్టార్ట్ చేయగానే టక్‌టక్‌మని చప్పుడు వస్తోంది, నాలుగైదు కిలోమీటర్లు పోయాక తగ్గుతోంది. క్యాబిన్‌లో మాత్రం పొగ వాసన పోవడం లేదు. మెకానిక్ చూసి మానిఫోల్డ్ పగిలిందన్నాడు. సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకచోట కలిపి సైలెన్సర్ పైపులోకి పంపే బీడు (పోత ఇనుము) ముక్క అది. ఒక షాపులో "ఆ ముక్క ఇప్పుడు రావడం లేదు సామీ, 407ది వేసుకో, ఎక్కుద్ది" అన్నారట. ఇంకో షాపులో సుమోది వేయమన్నారట. మూడో ఆయన వెల్డింగ్ కొట్టిస్తే సరిపోతుందన్నాడట. ముగ్గురిలో ఎవరి మాట వినాలని ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. బండి పేరు చెప్పి మానిఫోల్డ్ కొనకండి. 407, సుమో, 207 అనేవి బండ్ల పేర్లు. మానిఫోల్డ్ కూర్చునేది ఇంజన్ హెడ్డు మీద, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం మీద. మీ హెడ్డుకు సరిపోవాలి, కింద సైలెన్సర్ బెండు పైపుకు సరిపోవాలి, టర్బో (పొగ తోపుకు తిరిగి ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే రెక్కల చక్రం) ఉన్నదీ లేనిదీ తేడా రాకూడదు. ఈ మూడూ కలిస్తే అది ఏ బండి నుంచి వచ్చినా వేసుకోవచ్చు. ఒక్కటి తప్పినా, ఎంత చవగ్గా వచ్చినా, వద్దు. 407ది సరిపోయే అవకాశం ఉంది, కానీ పాత ముక్క పక్కన పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి. పాత రకం సుమోది పనికిరాదు. వెల్డింగ్ సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

నేను నెల్లూరులో 28 ఏళ్లుగా డీజిల్ బండ్ల పని చేస్తున్నాను. ఐసు బండ్లు, మేత బండ్లు, ధాన్యం బండ్లు, చీమకుర్తి వైపు నుంచి వచ్చే రాళ్ల బండ్లు, అన్నీ చూశాను. మానిఫోల్డ్ పగిలిన బండ్లు చాలానే వచ్చాయి. వాటిలో పగలని మానిఫోల్డ్‌ను పగిలిందనుకుని మార్పించుకుని, అదే చప్పుడుతో తిరిగొచ్చినవీ ఉన్నాయి. అందుకే కొనుగోలు కంటే ముందు, అసలు పగిలిందో లేదో తేల్చుకునే మాట.

చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్, వేడెక్కాక తగ్గడం అనేది మానిఫోల్డ్ పగులుకు మంచి గుర్తే. వేడికి బీడు సాగి పగులు మూసుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. కానీ ఇంజక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్క) కింద ఉండే రాగి వాషర్ లీకైనా ఇలాంటి చప్పుడే వస్తుంది. తేడా కంటికి తెలుస్తుంది. ఇంజక్టర్ లీకైతే దాని చుట్టూ తారు లాంటి నల్లటి ముద్ద పేరుకుని ఉంటుంది. మానిఫోల్డ్ అయితే హెడ్డుకూ దానికీ మధ్యనో, పగులు వెంబడో పొడి మసి గీతలు కనిపిస్తాయి. బెండు పైపు కలిసే చోట ప్యాకింగ్ పోయినా ఇదే వాసన, ఇదే మసి. అది చిన్న ప్యాకింగ్‌తో పోయే పని.

నిర్ధారణకు సులువైన పద్ధతి ఒకటుంది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనక సైలెన్సర్ మూతికి ఒకరు మందపాటి గోనె గుడ్డ కొన్ని సెకన్లు అడ్డం పెట్టాలి. ఇంకొకరు సబ్బు నీళ్లు మానిఫోల్డ్ మీద చల్లాలి. లీకున్న చోట బుడగలు లేస్తాయి. చల్లగా ఉన్నప్పుడే అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, కాలుతున్న బీడు మీద నీళ్లు పోస్తే పగలని మానిఫోల్డ్ కూడా మీ కళ్లముందే పగులుతుంది.

సరే, పగిలిందనే అనుకుందాం. ఇప్పుడు మీ ఇంజన్ ఏదో తేల్చుకోండి. ఆర్‌సీ తీసి అందులో క్యూబిక్ కెపాసిటీ ఎంత రాశారో చూడండి. టాటా పికప్‌లలో పాతవి 1948 సీసీ ఇంజన్‌తో వచ్చాయి, 207 డిఐ 2956 సీసీతో వచ్చింది. మా వాళ్లు మొదటిదాన్ని 483 అనీ, రెండోదాన్ని 497 అనీ అంటారు. ఆ అంకెల్లోనే విషయం ఉంది. మొదటి 4 అంటే నాలుగు సిలిండర్లు, తర్వాతి రెండంకెలు సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. ఒకదానిది 83, ఇంకోదానిది 97. బోరు అంత పెరిగాక సిలిండర్ల మధ్య దూరం అలాగే ఉండదు. హెడ్డులో పొగ బయటికొచ్చే రంధ్రాల దూరమూ మారుతుంది. కాబట్టి 483 మానిఫోల్డ్ 497 మీద కూర్చోదు, ఎంత ఫైలింగ్ చేసినా కూర్చోదు.

సుమోది వద్దన్నది ఇందుకే. 1994లో సుమో వచ్చినప్పుడు అందులో ఉన్నది ఆ 1948 సీసీ ఇంజనే. తర్వాత వచ్చిన విక్టా టర్బో డిఐ 3 లీటర్లదే, కానీ పేరులోనే టర్బో ఉంది. టర్బో ఇంజన్ మానిఫోల్డ్ చివర టర్బో కూర్చునే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే చదునైన అంచు) ఉంటుంది, నేరుగా సైలెన్సర్ పైపు తగిలించే మూతి ఉండదు. మీ బండికి టర్బో లేకపోతే దాన్ని బిగించి, మధ్యలో ఏదో ముక్క చేయించి, పైపు తిప్పి... ఆ సర్కస్ నేనొకసారి చేశాను. బండి యజమాని బతిమాలాడని చేశాను. బరువంతా ఒక మూల వేలాడి ఆర్నెల్లకే మానిఫోల్డ్‌కు బోల్టు పట్టే చెవి విరిగింది. ఆ తర్వాత ఎవరు బతిమాలినా చేయలేదు.

407 విషయానికొస్తే, ఆ బండ్లలోనూ 497 కుటుంబం ఇంజన్లు వచ్చాయి. అందుకే షాపువాళ్లు "ఎక్కుద్ది" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, సగం చెప్తున్నారు. హెడ్డు వైపు కూర్చోవచ్చు. కానీ 407 ఛాసిస్ వేరు, మీ ఛాసిస్ వేరు. పైపు దిగే చోటు, మూతి తిరిగిన దిక్కు, బోల్టుల అమరిక మీ బెండు పైపుతో కలుస్తాయో లేదో చూడాలి. 407లోనూ తర్వాత టర్బో రకాలు వచ్చాయి కాబట్టి "407ది" అన్నంత మాత్రాన ఏ 407దో తెలియదు.

ఇక్కడో మెలిక ఉంది. ఆర్‌సీలో రాసిందే బండిలో ఉందని నమ్మకం లేదు. చీమకుర్తి నుంచి ఒకాయన పాత పికప్ తెచ్చారు. ఛాసిస్ నంబరు చెప్పి కొత్త మానిఫోల్డ్ తెప్పించుకుని మరీ వచ్చారు. విప్పి చూస్తే రంధ్రాలు ఒక్కటీ కలవలేదు. ఆర్‌సీలో 1948 ఉంది, బానెట్ కింద 2956 ఉంది. అంతకుముందు యజమాని ఎప్పుడో ఇంజన్ మార్చాడు, ఆర్‌సీలో ఎక్కించలేదు, అమ్మేటప్పుడు చెప్పలేదు. పాపం ఈయనకు మానిఫోల్డ్ డబ్బులు పోవడం ఒకటి, ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు దొరికిపోతానేమోనని టెన్షన్ ఒకటి. కాబట్టి బ్లాక్ మీద కొట్టిన ఇంజన్ నంబరును మసి తుడిచి, ఆర్‌సీతో పోల్చి చూడండి. తేడా ఉంటే షాపులో ఛాసిస్ నంబరు చెప్పి లాభం లేదు, ఇంజన్ నంబరు చెప్పాలి.

రెండూ కలిస్తే మొదట కంపెనీ స్పేర్స్ షాపులో ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు రాయించుకోండి. అక్కడ స్టాకు లేకపోయినా ఆ నంబరు మీ చేతిలో ఉండాలి. కొన్నిసార్లు పాత నంబరు ఆగిపోయి దాని స్థానంలో కొత్త నంబరుతో అదే ముక్క వస్తుంటుంది. "రావడం లేదు" అన్న షాపువాడు పాత నంబరు మాత్రమే చూసి ఉండొచ్చు. మానిఫోల్డ్ మీద ఉబ్బెత్తుగా పోసిన అంకెలుంటాయి, అవి పోత నంబరు. పార్ట్ నంబరు వేరు. ఒకే పోతను రెండు రకాలుగా డ్రిల్లు చేసి రెండు పార్ట్ నంబర్లతో అమ్మడం ఉంది. పోత నంబరు కలిసిందని సంబరపడి కొనేయకండి, దాన్ని గుర్తుగా మాత్రమే వాడుకోండి.

కొలతలు ఎలా తీసుకోవాలి. పాత మానిఫోల్డ్ విప్పాక మందపాటి అట్ట ముక్కను దాని హెడ్డు వైపు ముఖం మీద ఆనించి, గుండు తల సుత్తితో అంచుల వెంట మెల్లగా తట్టండి. రంధ్రాలన్నీ అట్ట మీద అచ్చు పడతాయి. వెనకటి మా గురువు ప్యాకింగులన్నీ ఇలాగే కోసేవాడు. ఆ అట్ట జేబులో ఉంటే మీరు విజయవాడ ఆటోనగర్ వెళ్లినా, చెన్నై పుదుపేట వెళ్లినా ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. వీలైతే పగిలిన ముక్కనే గోనెసంచిలో వేసుకుని పొండి, ఇంకా మేలు. ఫోన్లో ఫొటో పంపి కొనేటట్టయితే టేపు పక్కన పరిచి ఫొటో తీయమని అడగండి. టేపు లేని ఫొటో చూసి కొన్నవి నా షెడ్డులో ఇప్పటికీ రెండు పడి ఉన్నాయి, కావలసినవాళ్లు అడగొచ్చు.

చూడాల్సినవి ఏమిటంటే: మొదటి రంధ్రం నుంచి చివరి రంధ్రం వరకు దూరం, రంధ్రాల ఆకారం, స్టడ్డు (హెడ్డులో దిగి ఉండే తల లేని బోల్టు) దూరాలు, ఫ్లాంజ్ మందం, కింది మూతి దిక్కు, మూతి బోల్టులు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత. ఫ్లాంజ్ మందాన్ని అందరూ వదిలేస్తారు. కొత్తది మందంగా ఉంటే పాత స్టడ్డు మీద నట్టుకు థ్రెడ్డు చాలదు, రెండు చుట్లు పట్టుకుని ఉంటుంది, వారానికి ఊడుతుంది. ఇక రంధ్రం సైజు. మానిఫోల్డ్ రంధ్రం హెడ్డు రంధ్రం కంటే కాస్త పెద్దదైనా ఫరవాలేదు. చిన్నదైతే పొగ దారికి గడప అడ్డం పెట్టినట్టే, బండి లాగదు.

ఈజీఆర్ సంగతి కూడా చూసుకోండి. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌కు పంపే ఏర్పాటది. మీ బండికి అది లేకపోయి, దొరికిన మానిఫోల్డ్‌కు దాని రంధ్రం ఉంటే ప్లేటు కోసి, ప్యాకింగ్ వేసి మూసేస్తే చాలు. తిరగేసి, ఈజీఆర్ ఉన్న బండికి రంధ్రం లేని మానిఫోల్డ్ వేయడం మాత్రం తప్పు పని. పొగ పరీక్షలో దొరుకుతారు, ఇంజన్ సెట్టింగూ పాడవుతుంది.

హెడ్డు వైపు అంతా సరిపోయి కింద మూతి ఒక్కటే తేడా అయితే, నా నియమం ఒకటే. పైపును మార్చు, మానిఫోల్డ్ జోలికి పోకు. లేత్ షాపులో 10 ఎంఎం ఇనుప ప్లేటుతో కొత్త ఫ్లాంజ్ కోయించి బెండు పైపుకు వెల్డింగ్ చేయించడం అరపూట పని. పైపు ఇనుముది, వెల్డింగ్‌కు లొంగుతుంది. మానిఫోల్డ్ బీడుది, అంత తేలిగ్గా లొంగదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు రెండు మాటలు. తళతళలాడే వెండి పెయింటు వేసిన మానిఫోల్డ్ కనిపిస్తే అనుమానించండి. నేను కొత్తలో అలాంటిదొకటి మురిసిపోయి తెచ్చాను. మొదటి వేడికే పెయింటు కాలిపోయి, కింద వెల్డింగ్ గీత బయటపడింది. ఇప్పుడైతే ముక్కను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడతాను. బాగున్నది గంటలా మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. ఇంకా అనుమానముంటే కిరోసిన్ పూసి పది నిమిషాలాగి, శుభ్రంగా తుడిచి, సుద్ద పొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. కొట్టువాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

కొత్త లోకల్ పోతలు కూడా వస్తాయి. అన్నీ చెత్త అనను, కొన్ని బాగానే నిలబడ్డాయి. లోపల వేలు పెట్టి చూడండి, పోత ఇసుక అంటుకుని ఉంటే గీకి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. టర్బో బండ్లకు ఈ ఇసుక ప్రాణాంతకం, నేరుగా వెళ్లి రెక్కలను తినేస్తుంది. మీది టర్బో కాకపోయినా ఆ పని మానకండి. హెడ్డు వైపు ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, సందు కొలిచే సన్నటి ఆకుల ఫీలర్ గేజితో చూడండి. 0.2 ఎంఎం కంటే ఎక్కువ ఆకు దూరితే నేను ఫేసింగ్‌కు (ముఖాన్ని మిషన్ మీద చదును చేయడానికి) పంపుతాను, ప్యాకింగ్ మీద నమ్మకం పెట్టుకోను.

వెల్డింగ్ చేయించొచ్చా అన్నారు కదా. చేయించొచ్చు, కొత్తది దొరికేదాకా. పగులు రెండు కొసల్లో 3 ఎంఎం రంధ్రాలు వేసి, ముక్కంతా సమంగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో కొంచెం కొంచెంగా అతికి, వెంటనే పొడి సున్నంలోనో బూడిదలోనో పూడ్చి తెల్లవారేదాకా చల్లారనివ్వాలి. ఆ తర్వాత ఫేసింగ్ తప్పదు, ఎందుకంటే వెల్డింగ్‌కు ముక్క కచ్చితంగా వంకర తిరుగుతుంది. ఇంత ఓపికగా చేసేవాళ్లు తక్కువ. మామూలు రాడ్డుతో పరపరా గీసి ఇస్తే పాత పగులు పక్కనే కొత్త పగులు వస్తుంది. ఇత్తడి పోతతో అతికించడం మరీ దండగ. లోడు మీద ఎగ్జాస్ట్ 600 డిగ్రీలు దాటొచ్చు, ఆ వేడిలో ఇత్తడికి పట్టు ఉండదు. ఎర్ర సిలికాన్ పేస్టు పూసేవాళ్లనూ చూశాను. దానికి దాదాపు 300 డిగ్రీలకే నూకలు చెల్లుతాయి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి, ఎవరూ అడగనిది. పాతది ఎందుకు పగిలింది?

వయసైపోయి పగిలిందంటే నేను ఒప్పుకోను. 20 ఏళ్ల బండ్లలో మొదటి మానిఫోల్డ్‌తోనే తిరిగేవి ఉన్నాయి. లెక్క చూడండి. 40 సెంటీమీటర్ల బీడు ముక్క 500 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. హెడ్డులో నీళ్లు తిరుగుతాయి కాబట్టి అది అంత వేడెక్కదు, అంత సాగదు. అంటే మానిఫోల్డ్ రోజూ హెడ్డు మీద ముందుకూ వెనక్కూ జరగాలి. అందుకే చివరి స్టడ్డు రంధ్రాలు చాలా ఇంజన్లలో కావాలనే వదులుగా ఇస్తారు. మనవాళ్లు లీకు ఆపాలని ఆ చివరి నట్లనే బలంకొద్దీ బిగిస్తారు. జరగడానికి చోటు లేక చెవి విరుగుతుంది.

రెండో కారణం బరువు. సైలెన్సర్ పైపును ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, రబ్బర్లు ఊడిపోతే పైపు బరువంతా మానిఫోల్డ్ మీద వేలాడుతుంది. ఇది నేను నా తప్పుతోనే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక ధాన్యం బండికి కొత్త మానిఫోల్డ్ వేసి, విరిగిన బ్రాకెట్ దొరక్క తీగతో కట్టి పంపాను. రేపు వచ్చి బ్రాకెట్ వేయించుకోమన్నాను. రేపు ఎవరొస్తారు? నాలుగు నెలలకు పగిలిన మానిఫోల్డ్‌తో వచ్చాడు, దాని డబ్బులు నేనే పెట్టుకున్నాను. ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు కుంగినా ఇదే జరుగుతుంది. గేరు వేసిన ప్రతిసారీ ఇంజన్ ఊగుతుంది, పైపు ఊగదు, మధ్యలో నలిగేది మానిఫోల్డ్.

మూడోది మన ప్రాంతపు జబ్బు, నీళ్లు. మైపాడు వైపు నుంచి వచ్చే ఒక చేపల బండి రెండేళ్లలో రెండు మానిఫోల్డులు పగలగొట్టుకుంది. అన్నీ చూశాను, తప్పు దొరకలేదు. చివరికి డ్రైవర్‌ను అడిగితే తేలింది. లోడు దించగానే ఇంజన్ కాలుతుండగానే బండిని పైనా కిందా పైపుతో కడిగేసేవాడు, వాసన పోవాలని. అరగంట ఆగి కడగమన్నాను. మూడోది ఇంకా నడుస్తోంది. మీరూ చెరువు గట్ల మీద తిరుగుతారు, బురద నీళ్లలో దిగుతారు. బానెట్ కింద మడ్‌గార్డ్ రేకు ఊడిపోయి ఉంటే వేయించుకోండి.

లోడు లాగాలని పంపులో డీజిల్ పెంచించిన బండ్లకూ మానిఫోల్డులు నిలవవు. నల్లపొగ కక్కుతోందంటే ఎగ్జాస్ట్ వేడి పెరిగిందనే అర్థం. మీది అలా ఉంటే ముందు పంపు చూపించండి.

బిగించడం గురించి కొంచెం. సముద్రం గాలికి మన దగ్గర స్టడ్లు తుప్పుపట్టి నట్లతో ఒకటైపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. మర్నాడు పావు చుట్టు వదులు చేయడం, మళ్లీ బిగించడం, మళ్లీ వదులు చేయడం. ఒకేసారి లాగితే హెడ్డులోనే విరుగుతుంది. విరిగితే చేత్తో డ్రిల్లు పట్టుకుని తవ్వకండి, పక్కకు జారి హెడ్డు పాడవుతుంది. విరిగిన మొన మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేసి, ఆ వేడి మీదే తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది.

స్టడ్లు, నట్లు, ప్యాకింగ్ మూడూ కొత్తవే వేయండి. రాగి పూత నట్లు దొరికితే ఇంకా మంచిది, మళ్లీ విప్పేటప్పుడు మెకానిక్ మిమ్మల్ని తిట్టుకోడు. మధ్యలోంచి మొదలుపెట్టి ఇటొకటి అటొకటి చొప్పున చివరలకు రావాలి, రెండు మూడు విడతల్లో. మీ ఇంజన్ మాన్యువల్‌లో టార్క్ ఎంతుంటే అంతే. మాన్యువల్ దొరక్కపోతే 8 ఎంఎం స్టడ్డుకు నేను రెండు, రెండున్నర కేజీ మీటర్లు దాటనివ్వను. బెండు పైపును ముందే బిగించి లాగి కూర్చోబెట్టకండి. మానిఫోల్డ్ బిగించాక పైపు దానంతటది వచ్చి మూతికి ఆనాలి. గడ్డపలుగుతో లాగాల్సి వస్తే పైపు వంకర ఉన్నట్టు, దాన్ని సరిచేయించండి. ఒక రోజు తిరిగొచ్చి పూర్తిగా చల్లారాక నట్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

అప్పటిదాకా బండి నడపొచ్చా అంటే, దగ్గర ట్రిప్పులు తప్పకపోతే రెండు కిటికీలూ దించి నడపండి. క్యాబిన్‌లోకి వచ్చే పొగతో తలనొప్పి, మగత వస్తాయి. పడుకునేటప్పుడు ఇంజన్ ఆన్‌లో పెట్టి క్యాబిన్‌లో నిద్రపోవద్దు, చెరువుల దగ్గర రాత్రిళ్లు లోడు కోసం ఆగినప్పుడు చాలామంది చేసే పనే ఇది. పగులు ఎదురుగా వైర్లు కానీ, బ్రేకు పైపు కానీ, డీజిల్ పైపు కానీ ఉన్నాయేమో చూడండి, ఉంటే బండిని అసలు కదిలించకండి.

ఆర్‌సీలో సీసీ ఎంతుందో, ఇంజన్ నంబరు కలిసిందో లేదో రాయండి. మానిఫోల్డ్ విప్పాక హెడ్డు వైపు ఒకటి, కింది మూతి వైపు ఒకటి, టేపు పెట్టి రెండు ఫొటోలు పెట్టండి. 407ది షాపులో చేతికి ఇస్తే దాని ఫొటో కూడా అలాగే తీసి పెట్టండి, డబ్బులు ఇవ్వకముందు.